తలూపడం మానేసిన ఏడాది

స్కూటర్ల నంబరు పలకల మీద ఎంపీ చెరిపించి సీజీ రాయించుకుంటున్న రోజులవి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తదే గానీ నాకు అప్పటికే నలభై రెండేళ్లు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫోర్జింగ్ షెడ్డులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఎర్రగా కాలిన ఇనుము మీద సుత్తి యంత్రం దిగినప్పుడల్లా కాళ్ల కింద నేల అదిరేది. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బిరడాలు దురద పెడుతున్నాయని జేబులో వేసుకు తిరిగేవాణ్ని. దాని ఫలితం నెమ్మదిగా తెలిసింది. మాటలు సగం సగమే వినిపించేవి. దానికి తోడు రెండు చెవుల్లోనూ సన్నటి ఈల. కుక్కరు కూతకు ముందు చేసే చప్పుడులా అది ఆగకుండా మోగుతూనే ఉండేది.

డాక్టరు పరీక్ష చేసి, పోయిన వినికిడి తిరిగి రాదనీ, చెవికి మిషను పెట్టుకోమనీ చెప్పారు. ముసలివాళ్లలో కలిపేస్తారన్న సిగ్గుతో నేను ఒప్పుకోలేదు. బదులుగా ఒక ఉపాయం కనిపెట్టాను. ఎవరేమన్నా చిన్నగా నవ్వి తలూపేవాణ్ని. చాలాసార్లు దానితో గడిచిపోయేది. ఒకసారి మాత్రం మేముండే రుఆబాంధా సెక్టారులో మా పక్క క్వార్టరువాళ్లు ఊరెళ్తూ తమ కుక్కను గొలుసుతో సహా మా గుమ్మానికి కట్టేసి వెళ్లారు. వారం రోజులు చూసుకుంటారా అని అడిగితే నేను తలూపానట.

"ఎవరేటడిగినా అలగ తలూపేస్తారేటండీ?" అంది మా ఆవిడ, కుక్కకు అన్నం కలుపుతూ. "రేపు పెళ్లాన్ని ఇచ్చీమంటే ఇచ్చీస్తారా?"

మా ఆవిడ నర్సు. నాకు నిద్ర తగ్గి చిరాకు పెరగడం చూసి, మా సెక్టారు హాల్లో పొద్దున్నే జరిగే ధ్యానం క్లాసుకు పదమంది. ఆదివారాలు మేం వెళ్లే చర్చిలో ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అన్నాను. "కళ్లు మూసుకుని కాసేపు ఊరుకోడానికి ఎవరి పర్మిషనండీ?" అని చెప్పులు వేసుకుంది.

క్లాసు నడిపేది రిటైరైన హిందీ టీచరు. ఆవిణ్ని అందరూ దీదీ అనేవారు. మొదటి రోజే ఆవిడ, కళ్లు మూసుకుని నిశ్శబ్దాన్ని వినమన్నారు. నా దగ్గర లేనిదే అది! నాలుగు రోజులు పళ్లు బిగబట్టి కూర్చుని, అయిదో రోజు ఆవిడ దగ్గరికెళ్లి నా చెవుల సంగతి చెప్పేశాను. మా ఆవిడకూ డాక్టరుకూ తప్ప అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

దీదీ నా మొహంలోకి చూస్తూ గట్టిగా, "మెహమాన్ సమఝో భయ్యా. బైఠ్నే దో" అన్నారు. ఆ ఈలను చుట్టం అనుకో, కూర్చోనివ్వు. పొమ్మని తరిమితే చుట్టం ఇంకో రెండు రోజులు ఉంటాడని కూడా అన్నారు. తర్వాత నా చేతులు చూశారు. ఒళ్లో పెట్టుకున్నా అవి ఊరుకోవడం లేదు, వేళ్లు ఒకదాన్నొకటి గిల్లుకుంటున్నాయి. "వీటికేదైనా పని ఇవ్వండి" అన్నారు.

అప్పుడు అక్కడివాళ్లు ఎడ్లకు పూజ చేసే పోలా పండగ దగ్గర పడుతోంది. పవర్ హౌస్ బజారులో ఒక కుమ్మరామె పిల్లలు ఆడుకునే మట్టి ఎడ్లను గోనెపట్టా మీద పరిచి, అక్కడే కొత్తవి చేస్తోంది. ఎద్దు బదులు ముద్ద మట్టి ఇమ్మంటే వింతగా చూసింది. ఇచ్చాక, "పానీ థోకిన్ డార్, భయ్యా" అని వేళ్లతో కొంచెం అని చూపించింది. నీళ్లు ఎక్కువ పోస్తే ఎద్దు కూర్చుండిపోతుందట.

ఇంటికొచ్చి పెరట్లో కూర్చున్నాను. ఒంటి గంటకు మొదలుపెడితే మూడయింది.

"ఏటండీ ఇది, పందా?" అంది మా ఆవిడ.

"ఎద్దే."

"పాపం" అని మూపురాన్ని వేలితో నిమిరింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఈల ఉందని. ఆ రెండు గంటలూ అది మోగుతూనే ఉండి ఉంటుంది, నేనే పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి పొద్దున్న ధ్యానం, సాయంత్రం మట్టి. ఎడ్లు అయ్యాయి, తాబేళ్లు అయ్యాయి, కిటికీ గట్టు నిండిపోయింది. నిద్ర కూడా పట్టసాగింది. తలూపడం మాత్రం మానలేదు.

ఎండాకాలంలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మా కిటికీలో బొమ్మలు చూసి ఉన్న పాస్టరుగారు ఫ్యాను చప్పుడులో ఏదో అడిగారు. తలూపాను. పై ఆదివారం ఆయన ప్రకటనలు చదువుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక మా ఆవిడ నవ్వాపుకోలేక మంచం మీద కూలబడింది. "మీకు మీరే సప్పట్లు కొట్టుకున్నారండీ! వేసవి బైబిలు బడిలో పిల్లలకి మట్టిబొమ్మలు నేర్పేది మీరేనట!"

పారిపోవడానికి దారి దొరకలేదు. ముప్పై మందికి పైగా పిల్లలు, అందరిదీ గడగడ సాగిపోయే హిందీ. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె నా దగ్గరికొచ్చి ఏదో అడిగింది. తలూపాను. మళ్లీ అడిగింది. మళ్లీ ఊపాను. అంతే, మట్టి ముక్క ఒకటి నోట్లో వేసుకుంది! ఆ పిల్ల అడిగిందట, "అంకుల్, మిట్టీ ఖా లూఁ?" అని, మట్టి తినెయ్యనా అని. నేను అన్నింటికీ తలూపుతానని కనిపెట్టి పరీక్ష పెట్టింది. పిల్లలంతా విరగబడి నవ్వారు.

నా చెవులు వేడెక్కాయి. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. కళ్లు మూసుకున్నాను. ఈల వచ్చి కూర్చుంది, సిగ్గు దాని పక్కన కూర్చుంది. రెండింటినీ కూర్చోనిచ్చాను. కళ్లు తెరిచేసరికి ఆ పిల్ల మట్టి ఉమ్మేస్తూ పెట్టిన మొహం చూసి నాకే నవ్వొచ్చేసింది.

"ముఝే కమ్ సునాయీ దేతా హై" అన్నాను, నాకు సరిగ్గా వినపడదని. "ఎదురుగా వచ్చి గట్టిగా చెప్పాలి."

అంతమంది ముందు ఆ మాట అనడం అదే మొదలు. ఏదో అవుతుందనుకున్నాను. పిల్లలు సరేనని ఊరుకుని, ఎవరి మట్టి వాళ్లు పిసుక్కున్నారు. మర్నాటి నుంచి ముందు నా మోచేతిని తట్టి, ఎదురుగా నిలబడి, వీధి చివరికి వినిపించేంత గట్టిగా అడిగేవారు. ఆఖరి రోజు ఎవరి మొహం వాళ్లు చేసుకోమన్నాను, నాదీ చేశాను. మట్టి తిన్న పిల్లే వచ్చి తట్టి, "కాన్ ఛోటే హైఁ, అంకుల్!" అని అరిచింది. చెవులు చిన్నవైపోయాయట. నిజమే, దాదాపు పెట్టనేలేదు. ఇంకాస్త మట్టి తీసి, మంచి పెద్ద చెవులు పెట్టాను. నా మొహానికి అవి బాగానే నప్పాయి.

ఆ వారమే చెవికి మిషను పెట్టించుకున్నాను. షెడ్డులో రెండు రోజులు ఆట పట్టించారు. మూడో రోజు మా మేస్త్రీ నన్ను పక్కకు పిలిచి, తనకూ సరిగ్గా వినపడటం లేదని, డాక్టరు ఎక్కడుంటాడని గుసగుసగా అడిగాడు. ఆ గుసగుస నాకు స్పష్టంగా వినపడింది.

ఇంట్లో మాత్రం మా ఆవిడ కొంచెం ఇబ్బంది పడింది. మొదటి సాయంత్రం వంటింట్లోంచి, "తడి తువ్వాలు మంచం మీద పడీసి మహారాజులా కూకున్నారు" అని గొణుక్కుంటోంది.

"తీసేస్తున్నాన్లే" అన్నాను ముందు గదిలోంచి.

గరిటె చప్పుడు ఆగింది. "ఇన్నేళ్లూ ఎంత హాయిగా తిట్టుకున్నానండీ" అంది.