దొరికిన తల

కత్తెర పట్టడంలో చేయి తిరిగినవాడే గాని, దొరికిన తలను వదలడం మాత్రం ఆ వీధి సెలూన్ ఆయనకు చేతకాదు. చెవుల పక్క జుట్టు పల్చబడుతూ ఫేడ్ పొగలా దిగుతుంది, పైన జుట్టు చెప్పినట్టు విని నిలబడుతుంది. కుర్చీలోని మనిషి అద్దంలో చూసుకుని మురిసిపోయి లేవబోతాడు. భుజం మీద చేయి పడుతుంది.

“అవ్వలేదు, కూర్చోండి.”

పక్క కుర్చీ ఆయన బావమరిదిది. బావ ఒక తల ముగించేలోగా అతను నలుగురిని దులిపి పంపేసేవాడు.

“బావా, నువ్వు కత్తిరిస్తున్నావా, పెంచుతున్నావా? కుడివైపు అయ్యేసరికి ఎడమవైపు మళ్ళీ మొలుస్తోంది!”

“నీ చేతిలో పడ్డవాళ్ళకి టోపీలు అమ్ముకో. బాగుపడతావు.”

ఒకసారి ఒక పెళ్ళికొడుకు మెడకు చుట్టిన గుడ్డతో సహా పారిపోయాడు. ఈయన ట్రిమ్మర్ పట్టుకుని ఫొటో స్టూడియో దాకా వెంటపడ్డాడు.

“వెనకాల జుట్టులో మెట్టు మిగిలింది నాయనా!”

“వెనకనుంచి నన్నెవరు చూస్తారండీ?”

“పెళ్ళికి వచ్చేవాళ్ళందరూ ముందు వరసలోనే కూర్చుంటారా?”

పెళ్ళికూతురి తరఫువాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తుండగా మెట్టు చదునైంది. ఆ తర్వాతే ఫొటో.

ఇవన్నీ బావమరిది ఓర్చుకున్నాడు. బట్టల దుకాణం గోదాములో మూటలు మోసే కుర్రాడి దగ్గరే అతని ఓపిక చచ్చింది. కత్తిరించడానికి ఆ తల మీద ఏమీ మిగల్లేదు. అయినా బావ “పైన ఇంకా కుదరలేదు, రేపు రా” అంటాడు. వాడొస్తాడు. బావ ఖాళీ కత్తెర ఆడిస్తుంటే వాడు చొక్కాల గురించి వాగుతుంటాడు. బెంచీ మీద జనం ఆవులిస్తుంటారు.

ఓ మధ్యాహ్నం బావ భోజనానికి వెళ్ళినప్పుడు వాడొచ్చాడు. బావమరిది వాణ్ణి తన కుర్చీలో కూలేసి, నాలుగు సార్లు దువ్వి, గుడ్డ లాగేశాడు.

“అయిపోయింది. ఇక నెల దాకా ఇటు రాకు.”

కుర్రాడు ఏదో అనబోయాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. తలూపి వెళ్ళిపోయాడు.

సంగతి విని బావ నెత్తిన చేయి పెట్టుకున్నాడు.

“ఎంత పని చేశావురా! వాడికి నత్తి.”

“నత్తా? నీ కుర్చీలో వాడి నోటికి అడ్డే ఉండదుగా!”

“ఇక్కడ వాడి ముఖంలోకి ఎవరూ చూడరు. నేను వెనకాల ఉంటాను, తొందరపెట్టను. అందుకే మాట వస్తుంది. సోమవారం వాణ్ణి కౌంటర్ దగ్గర నిలబెడతారట. మాట తడబడితే మళ్ళీ మూటలే. అందుకే రోజూ చొక్కాల సంగతి చెప్పించుకుంటున్నాను.”

“నాతో ఒక్క మాట అనొచ్చుగా?”

“నీతో అంటే ఊరంతా విన్నట్టే.”

బావమరిదికి రోషం రాలేదు. నిజమే కదా మరి. తిన్నగా గోదాముకు పరిగెత్తాడు.

“తమ్ముడూ, నీ తల పాడుచేశాను. మా బావ తిడుతున్నాడు, వచ్చి కూర్చో.”

కుర్రాడు తల తడుముకున్నాడు. ఏ లోపమూ తగల్లేదు. అయినా నవ్వుకుంటూ వెంట వచ్చాడు.

సోమవారం సెలూన్‌కు తాళం వేసి ఇద్దరూ బట్టల దుకాణానికి వెళ్ళారు. కౌంటర్ వెనక కుర్రాడు, పక్కనే యజమాని.

“ర... ర...”

మాట గొంతులో చిక్కుకుంది. యజమాని కనుబొమలు ముడిపడ్డాయి. వీధిలో అందరికన్నా తొందరమనిషి బావమరిది. అలాంటివాడు చేతులు కట్టుకుని, గోడకున్న చొక్కాలు తీరిగ్గా చూస్తూ నిలబడ్డాడు.

“రండి సార్! ఏం చూపించమంటారు?”

ఇక ఆ నోటికి పట్టపగ్గాల్లేవు. మధ్యలో మాట ఆగినా, కుర్రాడు ఆగలేదు. గుడ్డ నాణ్యం, కాలరు తీరు, రంగు పోదనే హామీ... యజమాని ముఖం విప్పారింది. బావ మీసాల్లో నవ్వుకున్నాడు.

బావమరిది అక్కర్లేని చొక్కాలు ఓ సంచీడు మోసుకుని బయటపడ్డాడు. మర్నాడు చిలకపచ్చ చొక్కా తొడుక్కుని పనిలోకి దిగాడు. బెంచీ మీది జనం గొల్లుమన్నారు.

“ఏంటండీ ఈ వేషం?”

“ఏం చెయ్యమంటారు?” అన్నాడతను, కాలరు సర్దుకుంటూ. “కుర్రాడు అంత బాగా చెప్పాడు!”