టీచరక్కతో వెళ్ళని బెంగుళూరు

మా పక్క పోర్షన్ టీచరక్క ఇక లేదని జనవరి మొదటి వారంలో ఒక ఉదయం ఫోనొచ్చింది. ఏలూరు నుంచి వాళ్ళ పెద్దక్కయ్య చేశారు. క్రిస్మస్ సెలవులకని అక్కడికి వెళ్ళిన మనిషి, పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఛాతీలో నొప్పిగా ఉందని పడుకుందట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అంతా అయిపోయిందట. ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని చెబితే మీరు నవ్వుతారు. బియ్యం కడిగాను. కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగాను. మా ఆయన వచ్చి "ఏమైంది?" అంటే, "టీచరక్క సోమవారం రాదట" అన్నాను. సోమవారం ఆవిడ బడి తెరుస్తారు. ఆ క్షణంలో నాకు తోచింది అంతే.

సమాధి కార్యక్రమం అక్కడే జరిగిపోయింది. నేను బయల్దేరి చేరేసరికి ఎలాగూ అయిపోతుందని, రావద్దని వాళ్ళే చెప్పారు. చివరి చూపు దక్కలేదు. అందుకేనేమో, ఆవిడ లేదన్న మాట నాకు ఇప్పటికీ సరిగ్గా ఎక్కలేదు. ఆవిడ ఊరెళ్ళేటప్పుడు అప్పజెప్పిన పని అప్పజెప్పినట్టే చేస్తూ పోయాను. డాబా మీద ఆవిడ మొక్కలకి రోజు విడిచి రోజు నీళ్ళు పోశాను.

ఈ నాలుగు మాటలు రాయమని ఆవిడ చర్చివాళ్ళు అడిగారు. ఆవిడ మంచితనం గురించి, బడిలో ఆవిడకున్న పేరు గురించి రాయమన్నారు. అవి చెప్పడానికి నాకంటే బాగా తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నా బుర్రలో తిరుగుతున్నది వేరే సంగతి. సికింద్రాబాద్ బోయిగూడలో ఒకే డాబా కింద పద్దెనిమిదేళ్ళు గోడకి గోడ ఆనుకుని బతికాం. ఆ పద్దెనిమిదేళ్ళలో ఇద్దరం కలిసి రెండు రోజులు బెంగుళూరు వెళ్ళి రావాలని లెక్కలేనన్నిసార్లు అనుకున్నాం. ఒక్కసారీ వెళ్ళలేదు. ఆవిడకి నాతో రావాలని నిజంగా ఉందో లేదో నాకు తెలియదు. ఇప్పుడిక చెప్పేవాళ్ళు లేరు.

టీచరక్కది పశ్చిమ గోదావరి వైపు. చిన్న వయసులోనే భర్త పోయారు, పిల్లలు లేరు. ఆడపిల్లల బడిలో వృక్షశాస్త్రం చెప్పేది. పగిలిన బకెట్లలో, కోసిన నూనె డబ్బాల్లో, చివరికి మా ఇంట్లో అడుగూడిన కుక్కర్లో కూడా మొక్కలు పెంచేది. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. నాకు మల్లెకీ విరజాజికీ తేడా తెలుసు, అంతకు మించి అడక్కండి. ఆవిడ నాకంటే ఏడేళ్ళు పెద్ద. చర్చిలో ఆడవాళ్ళందరినీ "సిస్టర్" అనేది, నన్ను మాత్రం "అమ్మాయ్" అనేది. నా పిల్లలకి పెళ్ళి వయసు వచ్చాక కూడా నేను అమ్మాయినే.

బెంగుళూరు ఆలోచన ఆవిడదే. అక్కడి లాల్‌బాగ్‌లో ఏడాదికి రెండుసార్లు, రిపబ్లిక్ డే అప్పుడూ ఆగస్టు పదిహేను అప్పుడూ, పూల ప్రదర్శన పెడతారు. పాఠాల్లో బొమ్మలుగా చూపించిన పూలన్నీ అక్కడ ఒక్కచోట కళ్ళారా చూడొచ్చని ఆవిడ ఆశ. నా ఆశ వేరు. పెళ్ళయినప్పటి నుంచి చుట్టాల ఇళ్ళకి, పెళ్ళిళ్ళకి, పరామర్శలకి తప్ప నేను ఊరు కదల్లేదు. ఎవరి కోసమూ కాకుండా, ఎవరికీ వండి పెట్టకుండా, రెండు రోజులు ఊరికే తిరగాలని ఉండేది. ఈ మాట ఆవిడతో తప్ప ఎవరితోనూ అనలేదు.

ప్లాన్ వేయడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. సాయంత్రం డాబా మీద చాప పరిచి, రైళ్ళ టైం టేబుల్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కాచిగూడలో ఎక్కుదామా, సికింద్రాబాద్‌లో ఎక్కుదామా అన్నదానికే రెండు సాయంత్రాలు పట్టేది.

"ఇద్దరికి ఒక్క పెట్టె చాలు గదా అక్కా. రెండెందుకు, మోసుడు తక్లీఫ్" అనేదాన్ని.

"ఒక్కటే అయితే నీ చీరల కింద నా చీరలు నలిగి చస్తాయి. నీ సర్దుడు నాకు తెలీదా?" అనేది ఆవిడ.

"పూలు ఒక్క పూటల చూస్తం. మిగిలిన టైంల ఏం జేద్దాం?"

"ఒక్క పూటా! నిన్ను లోపలికి తోసి నేను బయట గేటు వేసేస్తానుండు. కంగారేవుంది నీకు, బెంగుళూరు ఎక్కడికీ పోదు."

ఆ మాట ఎన్నిసార్లు అందో. ఏ పనికైనా అదే. పాలు పొంగుతున్నా "కంగారేవుంది" అంటూ నడిచి వచ్చేది.

మొదటి ఏడాది జనవరిలో వెళ్దామని అంతా సిద్ధం చేసుకున్నాం. అప్పుడు మా అత్తగారు డాబా మీద వడియాలు తిరగేస్తూ మా మాటలు విన్నది.

"గిప్పుడు పుష్యమాసం గాదమ్మా? శూన్యమాసంల ఎటు బోతరు? జెర ఆగి పోరాదుండ్రి" అంది.

ఆమె ఆ ఒక్కసారే అంది. వడియాలు ఎత్తుకుని దిగిపోయింది. టీచరక్క టైం టేబుల్ మూసేసి, "పెద్దావిడ మాట, పోనీలే అమ్మాయ్, ఆగస్టులో చూద్దాం" అంది. నేను సరేనన్నాను.

ఆగస్టు వచ్చింది. "మీకు శ్రావణమాసం కదమ్మాయ్, శుక్రవారాలుంటాయి" అంది. శుక్రవారం కాని రోజులు కూడా ఉంటాయి కదా అని నోటిదాకా వచ్చింది. ఆవిడకి ఏదో ఇబ్బంది ఉందేమో, నా మీద పెట్టి చెబుతోందేమో అనిపించింది. ఎదుటి మనిషి సాకు చెబుతుంటే గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదని తలూపాను. మళ్ళీ జనవరి వచ్చేసరికి ఆవిడ రోజూ సాయంత్రం తెల్లచీర కట్టుకుని ఉపవాస కూడికలకి వెళ్తోంది. ఈసారి నేనే ముందుగా, "మీకు ప్రార్థనలుంటయి గదా అక్కా, ఇప్పుడెట్ల పోతం?" అన్నాను. ఆవిడ నన్ను ఒక క్షణం చూసింది. తర్వాత తలూపింది.

అప్పటినుంచి అదే వరస. చాప పరచడం, పుస్తకం తీయడం, పులిహోరా దద్దోజనమా అని పోట్లాడుకోవడం, చివరికి ఎవరో ఒకరు ఎదుటివాళ్ళ దేవుణ్ణి అడ్డం పెట్టి, "ఈసారికి వద్దులే" అనడం. రెండోవాళ్ళు తలూపడం. ప్రతిసారీ ఆవిడ ముఖంలో హమ్మయ్య అన్నట్టు కనిపించేది. నా ముఖంలో ఆవిడకేం కనిపించేదో నాకు తెలియదు.

పోయిన వారం ఇక్కడి చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఏలూరు నుంచి పెద్దక్కయ్య వచ్చారు. పాటలయ్యాయి, వాక్యం అయింది, అందరూ రెండేసి మాటలు చెప్పారు. బయట టీ తాగుతుంటే టీచరక్క బడి హెడ్‌మిస్ట్రెస్ నా దగ్గరికొచ్చారు.

"ఆమె చెప్పే సిస్టర్ మీరేనా? బెంగుళూరు సిస్టర్?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ప్రతి ఇయర్ జనవరి ఎండింగ్‌కి టూ డేస్ లీవ్ లెటర్ ఇచ్చేది. వారం తిరక్కుండా వచ్చి వాపస్ తీసుకునేది. ఏమైందమ్మా అంటే, మా చెల్లికి వీలు పడదంట మేడం అనేది. ఒక్క సంవత్సరం కూడా మిస్ కాలేదు. మా స్టాఫ్ రూంలో అదొక జోక్. డిసెంబర్‌లో ఊరికి పోయే ముందు కూడా ఇచ్చిపోయింది. ఆ లెటర్ ఇంకా నా టేబుల్ మీదనే ఉంది."

చేతిలో టీ చల్లారిపోయింది. నాకు వీలు పడదని నేనెప్పుడన్నాను? ఎన్నడూ అనలేదు. ఆవిడకి వీలు పడదనుకునే కదా నేను తలూపింది!

మర్నాడు పెద్దక్కయ్యతో కలిసి టీచరక్క పోర్షన్ సర్దడానికి వెళ్ళాను. ఆవిడ వంటింట్లోకి నేను వెళ్ళడం తక్కువే. ఆవిడే మా ఇంటికి వచ్చేది. పొయ్యి పక్క గోడకి తెలుగు కేలండర్ ఉంది, తిథులూ వారాలూ ఉన్న పెద్ద కేలండర్. కొత్త సంవత్సరానిది అప్పుడే కొని, పాతదాని మీద తగిలించి వెళ్ళింది. పుష్యమాసం చుట్టూ, శ్రావణం చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీతలు. నేను పాతది కూడా తిప్పి చూశాను. దాని మీదా అవే గీతలు.

మీకొక సంగతి చెప్పాలి. మా అత్తగారు ఆ వడియాల మాట అన్న రెండేళ్ళకే పోయింది. ఆమె పోయాక మా ఇంట్లో పంచాంగం చూసేవాళ్ళు లేరు. పుష్యమాసంలోనే నేను వరంగల్ వెళ్ళి మా తమ్ముడి ఇల్లు చూసొచ్చాను. మా ఇంట్లో లేని తిథులు ఆ క్రైస్తవురాలి వంటింట్లో వేలాడుతున్నాయి.

"నీకోసమే కదమ్మా ఇదంతా" అన్నారు పెద్దక్కయ్య. "ఆ నెలల్లో మీవాళ్ళు ఊళ్ళు కదలరంట కదా. శ్రావణం వస్తే ఇది చేప కూడా వండేది కాదు. పక్కింట్లో పూజలు, వాసన తగిలితే బాగోదు అనేది. చేప లేందే ముద్ద దిగని మనిషి."

శ్రావణంలో ఆవిడ చేప మానడం నేనూ గమనించాను. ఏదో మొక్కు ఉందనుకున్నాను. అత్త పోయాక మేం శ్రావణంలోనూ తినేవాళ్ళం. పాపం, మొక్కులో ఉన్న మనిషికి వాసన కొట్టకూడదని, కిటికీలన్నీ మూసి, చెమటలు కక్కుకుంటూ వండుకునేవాళ్ళం!

"మరి జనవరిల అక్క ఉపవాసాలు?" అన్నాను.

"అవి మొదటి వారమేనమ్మా. నెలాఖరుకి ఏవుంటాయి?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆవిడ నవ్వబోయి ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. టీచరక్క మీద ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాట అడిగితే ఏం పోయేది? 'ఏవమ్మాయ్, నీకు నిజంగా పట్టింపులున్నాయా?' అంటే సరిపోయేది కదా. ఆ తర్వాత, నేను మాత్రం ఏం అడిగానని? పద్దెనిమిదేళ్ళు ఉప్పూ పప్పూ అడిగి పుచ్చుకున్నాను, ఈ ఒక్క మాట అడగలేదు.

ఆ సాయంత్రం మా వంటింట్లో నిలబడి ఉండగా ఇంకో అనుమానం పట్టుకుంది. కిటికీలు మూస్తే మాత్రం చేపల పులుసు వాసన ఆగుతుందా? మధ్యలో ఉన్నది ఒక్క గోడ. ఆవిడకి తెలియకుండా ఉంటుందా? తెలిస్తే, మాకు పట్టింపుల్లేవని కూడా తెలిసినట్టే కదా. మరి ఆ ఎర్ర గీతలెందుకు? వెళ్ళకుండా ఉండటానికి ఆవిడకీ ఒక సాకు కావాల్సి వచ్చిందా? డాబా మీద చాపే ఆవిడకి సరిపోయిందా? అలా అనుకుంటే ఆ లీవ్ లెటర్లు ఎందుకు? లెటర్ నిజమా, కేలండర్ నిజమా? కొన్నిసార్లు ఒకటి నిజమనిపిస్తుంది, కాసేపటికి రెండోది. మా ఆయనతో అంటే, "ఏందే పరేషాన్? పోయిన మనిషిని గిట్ల విచారణ జేస్తవా?" అన్నాడు. నేను ఆవిడని విచారించడం లేదు. ఆవిడకి నేను కావాలా వద్దా అని తెలుసుకోవాలనుకుంటున్నాను. ఇంత వయసొచ్చి ఇలా అనుకోవడం సిగ్గుగానే ఉంది.

"బెంగుళూరు పోత" అన్నాను.

"ఎవరితోని?"

"ఒక్కదాన్నే."

ఆయన అటక మీద నుంచి పెట్టె దింపి, దుమ్ము తుడిచి పెట్టాడు.

పుష్యమాసం ఇంకా పోలేదు, పూల ప్రదర్శన ముగియడానికి ఇంకా మూడు రోజులు ఉన్నాయి. అటువైపు పోయే రైల్లో సీటు దొరికింది. లాల్‌బాగ్‌లో పూలు పెట్టిన అద్దాల మేడలో ఇసకేస్తే రాలనంత జనం. ఫొటోలు తీసుకునేవాళ్ళు, పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్ళు. నన్ను ఎవరో ముందుకు తోస్తే ముందుకి, పక్కకి తోస్తే పక్కకి పోయాను. ఎంత చూసినా రంగులు తప్ప నాకేమీ తెలియలేదు. అందంగా ఉన్నాయి. అంతకంటే చెప్పలేను. బెంగుళూరు చేరాక ఏదో తేలుతుందనుకున్నాను. ఏమీ తేలలేదు. కాళ్ళు నొప్పులు పుట్టాయి.

బయటకి వచ్చి, జనం లేని వైపు నడిచాను. అక్కడ ఒక ముసలి తోటమాలి మడిలో నీళ్ళు పెడుతున్నాడు. మడి నిండా ఊదారంగు పూలు. రెక్కల చివర మాత్రం తెలుపు. మా డాబా మీద అలాంటివి లేవు.

"ఇదేం పువ్వు?" అని అడిగాను.

అతను కన్నడంలో ఏదో చెప్పాడు. నాకు అర్థం కాలేదు. అలవాటుగా తలూపబోయాను. సగంలో ఆపేశాను.

"నాకు తెలుస్తలేదు" అన్నాను. "జెర మళ్ల చెప్పు."

అతనికి నా మాట ఎంత తెలిసిందో నాకు తెలియదు. చేతిలో పైపు మట్టిలో పడేసి, నా వైపు పూర్తిగా తిరిగి, ఒక్కో అక్షరమే విడదీసి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు. నేను అతని పెదాల వైపే చూస్తూ నిలబడ్డాను. పైపులోంచి నీళ్ళు గట్టు దాటి మా ఇద్దరి కాళ్ళ దగ్గరికి వచ్చాయి. ఇద్దరం కదల్లేదు.