అప్పారావు గీసిన గీత

ఇప్పుడు చెప్పబోయేది మహాకావ్యం. ఇందులో యుద్ధం ఉంది, మరణం ఉంది, ఆ తర్వాత కూడా కొంత ఉంది. సరే, యుద్ధం లేదు. ఒక తాబేలు ఉంది.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. మా నాన్న డ్రైవింగ్ తప్ప నన్ను భయపెట్టింది ఏదీ లేదు.

1984లో, న్యూజెర్సీలో, కాలేజీ రెండో ఏడు. ఫిజియాలజీ ల్యాబ్. యాభైల్లో కట్టిన బిల్డింగ్, పరికరాలూ అప్పటివే. తాబేలు చచ్చినా దాని గుండె చాలాసేపు కొట్టుకుంటుంది. అందులో వింత లేదు, పాఠమే అది. గుండెకి చిన్న కొక్కెం, దానికి దారం, దారం చివర తేలికపాటి పుల్ల, పుల్ల కొసన పెన్ను. గుండె కొట్టుకున్నప్పుడల్లా, తిరిగే డ్రమ్ముకి చుట్టిన కాగితం మీద గీత లేస్తుంది. కరెంటు డ్రమ్ముకే, పెన్నుకి కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

నా ల్యాబ్ పార్ట్‌నర్ దెబోరా, తెలుగు చర్చి పాస్టర్ అంకుల్ కూతురు. ఆమె స్కాలర్‌షిప్ ఈ కోర్సు గ్రేడు మీద వేలాడుతోంది. అంతకుముందే కప్ప ల్యాబ్ పాడైంది కాబట్టి ఈ గీత రావాల్సిందే. ల్యాబ్ జంతువుకి పేరు పెట్టకూడదని అసిస్టెంట్ మొదటిరోజే చెప్పాడు. నేను అప్పారావు అని పెట్టాను.

గీత బాగా వస్తుండగా, దెబోరా గుండెని పరుగెత్తించే అడ్రినలిన్ బదులు పక్క సీసాలోని పొటాషియం చుక్కలు వేసింది. పొటాషియం గుండెని ఆపేస్తుంది. అప్పారావు ఆగిపోయాడు. సెలైన్‌తో ఎంత కడిగినా లాభం లేదు. ఇంకో తాబేలు ఇవ్వరు. మిగతావాళ్లు ముగించుకుని వెళ్లిపోయారు, అసిస్టెంట్ కాఫీకి వెళ్లాడు.

దెబోరా దారం కత్తిరించి, గుండెని గిన్నెలో పెట్టి మూత వేసింది. ఏడవలేదు, అదే నాకు నచ్చలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని డ్రమ్ము వైపు తిరిగి, "అప్పారావుగారూ, ఒక్క పేజీ రాసిపెట్టండి. ఈ అమ్మాయి స్కాలర్‌షిప్ పోతుంది," అన్నాను.

పెన్ను లేచింది.

పడింది. మళ్లీ లేచింది. తెగిన దారం గాల్లో ఊగుతోంది. బల్ల మీద మధ్యాహ్నపు ఎండ. దయ్యాలకి కనీసం టైమ్ సెన్స్ ఉండాలి. బల్ల అదురుతోందేమోనని చెయ్యి ఆనించి చూశాను. కిటికీ మూశాను. గిన్నె మూత తీశాను. గుండె కదలడం లేదు. కాగితం మీద గీతలు మాత్రం వేగంగా, ఎత్తుగా, అడ్రినలిన్ వేస్తే రావాల్సినట్టే వస్తున్నాయి.

"కిరణ్, ఇది నువ్వేనా? ప్లీజ్, స్టాప్ చెయ్యి."

రెండు చేతులూ పైకెత్తి చూపించాను.

డ్రమ్ము ప్లగ్ పీకేశాను. కాగితం ఆగింది. పెన్ను ఆగలేదు. ఒకేచోట పైకీ కిందికీ కదులుతూ, ఇంకు ముద్దయి, కాగితం చిరిగేదాకా గీసింది. నా దగ్గర జోకు లేదు. అలా జరగడం అదే మొదటిసారి.

దెబోరా ముందుకు వంగి, చర్చిలో ముసలివాళ్లతో మాట్లాడే గొంతుతో అంది: "చాలండి అప్పారావుగారూ. మాకు సరిపోతుంది. రెస్ట్ తీసుకోండి."

పెన్ను ఆగింది.

ఆ కాగితం ఇవ్వాలా వద్దా అని కార్‌లో వాదించుకున్నాం. అది మన డేటా కాదంది దెబోరా. మరెవరిది అన్నాను. తట్టిన జవాబు ఇద్దరికీ నచ్చలేదు. చివరికి చిరిగిన కొస కత్తిరించి రిపోర్టుకి అంటించాం.

ఆ పెన్నుని ఏది కదిపిందో ఇప్పటికీ చెప్పలేను. గాలి అనుకుందామన్నా, గాలికి అడ్రినలిన్ సంగతి తెలియదు.

బి ప్లస్ వచ్చింది, స్కాలర్‌షిప్ నిలిచింది. మార్కులు కోసింది గీతకి కాదు. దాని కింద 'టైమ్' అని లేబుల్ రాయనందుకు.