చామంతి గదిలో ఎర్ర బల్బు

ఏళ్లుగా ఈ సంగతిని లోపల మోస్తున్నాను. అన్నం తింటున్నా, నమాజు చేస్తున్నా, నలుగురిలో నవ్వుతున్నా అది నాతోనే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇదీ పిరికితనమేనా? కావచ్చు.

అరబ్బు ఎడారిలో, హఫర్ అల్ బాతిన్ దగ్గర, కిటికీలు లేని షెడ్డులో చామంతులు పెంచే చోట నేను లైట్ల టెక్నీషియన్ని. మొదట నీలం రంగు ఎక్కువున్న వెలుతురిచ్చి ఆకును, కాండాన్ని పెంచుతాం. తర్వాత రోజులో సగం సేపు కటిక చీకటి. రాత్రి పొడుగైందని నమ్మితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. గంజాయిదీ ఇదే గుణమట. ఈ దేశంలో ఆ పేరు పైకి అనే ధైర్యం మాకెవరికీ లేదు.

ఆ చీకటి గదిలో నీళ్ల పైపులు కాళ్లకు తగిలేవి. ఎవరినీ అడక్కుండా ఓ చిన్న ఎర్ర బల్బు పెట్టాను. కుర్రతనంలో ప్రొద్దుటూరులో ఫోటో స్టూడియోలో పనిచేశాను. అక్కడి డార్క్‌రూములో ఎర్ర బల్బు వెలుగుతున్నా ఫోటో కాగితం చెడేది కాదు. కాగితానికి కానిది మొక్కకేమవుతుందనుకున్నాను. ఎంత తెలివి నాది! నీళ్లు పెట్టే మస్తాన్‌కు కూడా అదే చెప్పాను. అతనిది రాయచోటి వైపు. నా మాట మీద చాలా గురి.

మొగ్గలు రాలేదు. ఆకులు మాత్రం ఏపుగా పెరిగాయి. హోటళ్లకు ఇవ్వాల్సిన పూలు లేకుండా పోయాయి. అప్పుడు ఫోనులో వెతికి చదివాను. చీకట్లో చామంతికి అన్నిటికన్నా చేటు చేసేది ఎరుపేనట. కాస్త తగిలినా రాత్రి తెగిపోయిందనుకుని మొగ్గ వేయడం మానేస్తుందట. వెళ్లి బల్బు విప్పి జేబులో వేసుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది.

గదిలోకి వెలుతురు ఎలా వచ్చిందని మేనేజరు అడిగాడు. నీళ్లు పెట్టేవాడు తలుపు సరిగా మూసి ఉండడన్నాను. ముందే అనుకుని అన్నానా? లేదు, నోట్లోంచి ఊడిపడింది. మరి వెనక్కి తీసుకోవడానికి నాకెవరు అడ్డొచ్చారు? మస్తాన్ తల్లిని ఉమ్రా యాత్రకు పిలిపించుకోవడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాడని, అతని ఉద్యోగం పోతే ఆమె ప్రయాణం కూడా పోతుందని తెలిసి కూడా నేను నోరు మూసుకునే ఉన్నాను.

సాయంత్రం అతను నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, నేను తలుపు మూసినట్లే గుర్తుందన్నా."

"మర్చిపోయింటావు మస్తానూ. బాగా ఆలోచన చేసుకో."

అతను నిజంగానే ఆలోచించాడు. నేల చూస్తూ, పాపం, చాలాసేపు.

"అట్లనే అయ్యింటుందేమోలే అన్నా. చేతిలో పైపుండె, తలుపు సరిగా పడకపోయింటాది. నా వల్ల నీక్కూడా మాటొచ్చె. ఏమనుకోవద్దన్నా."

క్షమించమని నన్నే అడిగాడు. ఎర్ర బల్బు సంగతి అతనికి తెలుసు, కానీ తప్పు దానిదని తెలియదు. పర్లేదులే అన్నాను. ఆ మాటకు నన్ను నేను అసహ్యించుకున్నంతగా అబద్ధానికి కూడా అసహ్యించుకోలేదు.

ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, అతన్ని ఊరికి పంపేశారు. తల్లి రాలేదు. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు. పోయిన రంజానుకు ఆమె కూడా మాట్లాడింది. నేను ఉమ్రాకు వెళ్తున్నానని విని, తన కొడుకు మతిమరుపు పోయేలా అక్కడ దువా చేయమని అడిగింది. సరేనన్నాను. వెళ్లాను. అంత జనంలో చేతులెత్తి నిలబడ్డాను. ఏమని అడగను?

వాళ్లకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. దీంతో తప్పు తీరదని తెలుసు. అయినా ఒక్కసారన్నా రాస్తేగానీ ఊపిరాడేలా లేదు.

మస్తాన్‌కు మతిమరుపు లేదు. ఆ తలుపు మూసే ఉంది.