దాక్కోవడం నేర్పిన అవ్వ

మా నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. నాకూ చెల్లెలికీ బడి ఆమే. నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కల ఆడపిల్లల్ని చదివించాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ లేదు, ఉన్నా పంపడానికి బడి లేదు. చింతగింజలతో లెక్కలు, నీడను చూసి పొద్దు చెప్పడం, ఏ ఆకు తినొచ్చో ఏది తినకూడదో, అన్నీ ఆమె దగ్గరే. తప్పు చెబితే తొడపాశం. మొక్కై వంగనిది మానై వంగదని ఆమె నమ్మకం. చెల్లెలికి ఒక్కసారి చెబితే చాలు, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేది. నాకు ఒళ్ళు మండేది.

దాక్కోవడం కూడా అవ్వే నేర్పింది.

అప్పుడప్పుడూ పట్నం నుంచి సైకిల్ మీద టీకాలాయన వచ్చేవాడు. మశూచి మా ఊళ్ళో రోగం కాదు, పోచమ్మ తల్లి. తల్లి తనంతట తాను రావాలి గాని, సూదితో చెయ్యి గీసి పిలిస్తే ఆగ్రహిస్తుందని పెద్దల మాట. దానికి తోడు మా పెదనాన్న కొడుకు టీకా వేయించుకున్న కొద్దిరోజులకే జ్వరమొచ్చి పోయాడు. ఆ జ్వరం ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అవ్వకు మాత్రం అనుమానమే లేదు.

ఇంటి వెనక గుట్ట నిండా పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య పిల్లలు మాత్రమే దూరగల సందులు. సైకిల్ గంట వినబడగానే వెళ్ళి అందులో దూరాలి. దగ్గొచ్చినా మింగాలి. ఒకసారి ఊరి పటేల్ మనుషులు తల్లుల్ని బెదిరించి వాళ్ళతోనే పిల్లల్ని పిలిపించారట. అందుకని అవ్వ ఇంకో పాఠం చేర్చింది.

“నేను పిలిచినా రావొద్దు బిడ్డా. ఏడ్చుకుంట పిలిచినా రావొద్దు. గప్పుడు పిలిచేది నేను గాదనుకో.”

గుట్ట కింద నిలబడి రకరకాలుగా పిలిచి పరీక్ష పెట్టేది. నేను నవ్వేసి దొరికిపోయేదాన్ని. చెల్లెలు ఎప్పుడూ దొరకలేదు.

నిజాం రాజ్యం పోయిన తర్వాతి ఎండాకాలం ఊళ్ళోకి మశూచి వచ్చింది. పక్కింట్లో ఒక్క కోడలికి తప్ప అందరికీ పోసింది. ఆమెకు పుట్టింట్లో చిన్నప్పుడే టీకా వేశారు. అందరికీ గంజి తాగిస్తూ, పక్కల మీద వేపాకు మారుస్తూ ఆమె నిక్షేపంగా తిరిగింది. అవ్వ గోడ మీంచి రోజూ చూసింది. చూసి చూసి, ఈసారి టీకాలాయన వస్తే పిల్లలకు వేయించమని తానే అమ్మతో అంది. ఆ మాట చెల్లెలికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. అంత చిన్నపిల్లకు చెప్పేదేముంది, చెయ్యి పట్టుకుని నిలబెడితే సరి అనుకున్నారు.

ఆయన వచ్చినప్పుడు నేను అమ్మతో బావి దగ్గరున్నాను. నాకు అక్కడే గీశాడు. ఇంట్లో ఉన్న చెల్లెలు గంట విన్నది. అవ్వ పొయ్యి ముందు నుంచి లేచేలోపే గుట్టెక్కేసింది.

అవ్వ బండల మధ్య తిరుగుతూ పిలిచింది. బెల్లం పెడతానంది, కొడతానంది, చివరికి కూలబడి ఏడుస్తూ పిలిచింది. అమ్మా నేనూ వచ్చి పిలిచాం. ఏ సందులోంచీ చప్పుడు లేదు. టీకాలాయన కాసేపు చూసి, ఇంకా చాలా ఊళ్ళు తిరగాలంటూ వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా చెల్లెలు తనే దిగి వచ్చింది. మోచేతులు గీసుకుపోయాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“నువ్వు ఏడ్చినా నేను రాలే అవ్వా. మంచిగ చేసిన గద?”

“మంచిగ చేసినవ్ బిడ్డా,” అంది అవ్వ.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీద కోపమో తెలియదు.

మర్నాడు నాన్న చెల్లెల్ని భుజాన వేసుకుని టీకాలాయన్ని వెతుక్కుంటూ పక్క ఊళ్ళకు వెళ్ళాడు. మందు అయిపోయి పట్నం వెళ్ళిపోయాడని చెప్పారు. ఆయన మళ్ళీ వచ్చేలోపే చెల్లెలికి పోసింది. గొంతులో కూడా పొక్కులు లేచి నీళ్ళు దిగలేదు. వేపాకుల మీదే పోయింది.

తర్వాతి ఏడు టీకాలాయన వచ్చినప్పుడు అవ్వ ఆయన సైకిల్ ముందు నడుస్తూ ఇంటింటి ముందూ ఆగి పిల్లల్ని పేరు పేరునా పిలిచింది. వాళ్ళకు కూడా ఇళ్ళల్లో అవ్వలున్నారు. ఒక్కరూ బయటికి రాలేదు.