బాబాయి వద్దన్న ఇల్లు

ఐర్లండ్‌లో ఇద్దరు మనుషులు కలిస్తే ముందు వాన గురించి మాట్లాడుకుంటారు. నేను కార్క్ నగరంలో ఉద్యోగానికి చేరిన ఆ రోజుల్లో మాత్రం వాన రెండో స్థానానికి దిగిపోయింది. మొదటి స్థానం ఇళ్లది. దేశం పులిలా దూకుతోందని పేపర్లు రాసేవి. బస్సులో పక్కన కూర్చున్నాయన, జుట్టు కత్తిరించే ఆయన, ఆఫీసులో కాఫీ మిషను దగ్గర నిలబడ్డాయన, అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇల్లు కొన్నావా?" లేదంటే జాలిగా చూసేవాళ్ళు. ఆ చూపులకి లొంగిపోయి తప్పులు చేసినవాళ్ళు మాలో చాలామందే ఉన్నారు. తర్వాత వాళ్ళంతా నెపం పులి మీదకి నెట్టేసి కాస్త తేలికపడ్డారు. నాకు ఆ సౌకర్యం లేదు. ఎందుకంటే నా నెపం నేను అప్పటికే ఇంకొకరి మీద వేసేశాను.

మేము అద్దెకున్నది నది ఒడ్డున ఒక పాత మేడలో సగం నేలలోకి దిగిపోయిన వాటా. కిటికీలోంచి చూస్తే వీధిలో పోయేవాళ్ళ బూట్లు మాత్రమే కనిపించేవి. మా ఆవిడ తెనాలిలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. నా వీసా వెనకాల వచ్చింది కాబట్టి ఇక్కడ ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఏడాది తిరిగేసరికి బూట్లని బట్టి మనుషుల్ని గుర్తుపట్టే స్థాయికి వచ్చింది. ("గోధుమరంగు బూట్లాయన రెండు రోజులుగా రావట్లేదండీ, ఒంట్లో బాలేదేమో" అనేది. నేను నవ్వేవాణ్ణి. పగలంతా ఆవిడకి దొరికే లోకం అంతేనని నాకు తట్టలేదు.) ఆ చలికాలంలో ఆవిడ మాటలు కొద్దికొద్దిగా తగ్గిపోయాయి. పుట్టింటికి ఫోన్ చేసినా "బాగున్నాం, బాగున్నాం" అని పెట్టేసేది. ఒకసారి మాత్రం ఎక్కడలేని ఉత్సాహం తెచ్చుకుని సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. ఎండ లేదు కాబట్టి గదిని వెచ్చబెట్టే రేడియేటర్ పక్కన ప్లాస్టిక్ షీటు పరిచి వాటికి కాపలా కూర్చుంది. నాలుగో రోజుకి వాటిమీద పచ్చగా బూజు లేచింది. షీటు మడిచి చెత్తబుట్టలో వేస్తూ, "ఏమండీ, ఈ ఊళ్ళో సూర్యుడు ఉండే వీధి ఏదైనా ఉంటే అక్కడ ఇల్లు చూద్దామా" అని అడిగింది. రెండేళ్లలో ఆవిడ నన్ను అడిగిన కోరిక అదొక్కటే.

అలాంటి వీధి దొరికింది కూడా. కార్క్‌లో నదికి ఉత్తరాన అంతా కొండ. ఎక్కుతుంటే ఆయాసమొచ్చే సందులో, వరసగా అతుక్కుని ఉన్న చిన్న ఇళ్లలో ఒకటి అమ్మకానికొచ్చింది. ముందుగదికి గోడంత కిటికీ. మేము వెళ్ళిన శనివారం పొద్దున ఊరంతా మబ్బుగా ఉన్నా ఆ గది నేల మీద మాత్రం ఒక పలచని ఎండ చాప పరిచినట్టు పడి ఉంది. ఏజెంటు ఛాతీ విరుచుకుని, "సౌత్ ఫేసింగ్" అన్నాడు. మళ్ళీ అన్నాడు. గది మారినప్పుడల్లా అన్నాడు. ఆ దేశంలో ఇంటికి అంతకు మించిన యోగ్యత లేదని, దాని కోసం జనం ఎగబడతారని పాపం అతనికి తెలుసు. దక్షిణ ముఖం అని వినగానే మన తెలుగువాడి మొహం ఎలా మారుతుందో అతనికెలా తెలుస్తుంది? నేను జేబులోంచి దిక్సూచి తీశాను. (అప్పటికి నాకు వాస్తు మీద ప్రత్యేకంగా నమ్మకం ఉందని చెప్పలేను. ఇల్లు చూడ్డానికి వెళ్ళే మగవాడి చేతిలో ఏదో ఒక పరికరం ఉంటే గౌరవంగా ఉంటుందని తీసుకెళ్ళాను.) ఇనప పొయ్యి దగ్గర ముల్లు ఒకవైపు, మెట్ల దగ్గర ఇంకోవైపు చూపించింది. నేను దాన్ని అరచేతిలో పట్టుకుని గదంతా ప్రదక్షిణం చేస్తుంటే ఇంటి యజమానురాలు మా ఆవిణ్ణి పక్కకి పిలిచి, "మీ ఆయన ఏదైనా పారేసుకున్నాడా?" అని అడిగింది.

ఆ యజమానురాలు డెబ్భై దాటిన మనిషి. భర్త పోయాడు. వాటర్‌ఫోర్డ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆవిడ నోట ప్రతిదీ గ్రాండ్, అంటే బ్రహ్మాండం. టీ ఇచ్చినా గ్రాండ్, వాన పడినా గ్రాండ్, మోకాళ్ళు నొప్పిగా ఉన్నా గ్రాండ్. అందుకని ఆవిడకి మేము గ్రాండమ్మ అని పేరు పెట్టాం. మా ఆవిడకి అప్పట్లో ఇంగ్లీషు చదవడం బాగా వచ్చు, మాట్లాడటానికి బెరుకు. అయినా ఆ ఇద్దరూ అరగంటలో ఇల్లంతా తిరిగేశారు. వేడినీళ్ళ ట్యాంకు పెట్టిన బీరువా తలుపు తీసి, ఇందులో బట్టలు పెడితే వెచ్చగా ఆరతాయని గ్రాండమ్మ చూపించింది. (అక్కడివాళ్ళు దాన్ని హాట్ ప్రెస్ అంటారు.) మా ఆవిడ అందులో చెయ్యి పెట్టి, తీసి, కిటికీ దగ్గరికొచ్చి, ఎండ పడుతున్న గట్టుని వేళ్ళతో కొలిచి, చేతులతో వడియాలు పెడుతున్నట్టు అభినయించి చూపించింది. గ్రాండమ్మకి ఏం అర్థమైందో ఏమో, "తెచ్చి పెట్టుకో, నేను చూస్తుంటాగా" అంది.

నిజంగానే తీసుకెళ్ళింది. ఇల్లు ఇంకా మాది కాలేదు, అవుతుందో కాదో తెలియదు, ఈవిడ బస్సెక్కి కొండ ఎక్కి అమ్మకానికున్న ఇంటి కిటికీలో వడియాలు ఆరబెట్టి వచ్చింది. గ్రాండమ్మ రోజూ ఫోన్ చేసి వాటి యోగక్షేమాలు చెప్పేది. ఇల్లు చూడ్డానికొచ్చిన వేరేవాళ్ళు ఇదేమిటని అడిగితే, "ఈ ఇంటికి రాబోయే అమ్మాయివి" అని చెప్పిందట. వాళ్ళలో ఎక్కువిస్తామన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని పక్కన పెట్టి, మాకు రెండు వారాలు గడువివ్వమని ఏజెంటుకి గట్టిగా చెప్పింది. ఆ రెండు వారాలూ మా ఆవిడ ఇంట్లో పాట పాడుకుంటూ తిరిగింది. వడియాలు వేయించిన రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధి చివరిదాకా వాసన. మాట పడిపోయిందనుకున్న మనిషి అన్నం వడ్డిస్తూ ఒక గంట ఆగకుండా మాట్లాడింది.

ఇక నా సంగతి. మా టీమ్ లీడ్ మన గోదావరి జిల్లా ఆయనే. ఊరికి దూరంగా పొలాల మధ్య కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి పిలిచి ఒక్కొక్క పడకగదికీ అంటి ఉన్న స్నానాల గది తలుపు తీసి చూపించాడు. "ఇది ఎన్‌సూట్. ఇదీ ఎన్‌సూటే తమ్ముడూ" అంటూ, పనిచేస్తుందని రుజువుగా ప్రతిచోటా ఫ్లష్ లాగాడు. అప్పట్నుంచీ ఆయన పేరు మా మధ్య ఎన్‌సూటన్నగా స్థిరపడింది. బయటికి నవ్వుకున్నాను గానీ ఆ నీళ్ళ చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు. కొండ మీది ఇంటికి ఉన్నది ఒకటే స్నానాల గది, అదీ వంటింటి వెనకాల. రేపు ఎన్‌సూటన్న మా ఇంటికొస్తే నేనేం చూపించాలి? కిటికీలో ఎండ చూపించనా? అదే కాలనీలో ఇంకా కట్టని ఇళ్ళు కొన్ని మిగిలున్నాయని ఆయన చెప్పాడు. నేను ఆఫీసునుంచే వెళ్ళి వాటి బొమ్మలు చూసొచ్చాను. తూర్పు ముఖం, మూడు స్నానాల గదులు. ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడతో చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు మా బాబాయి. కరెంటాఫీసులో రిటైరై వాస్తులోకి దిగిన మనిషి. ఆయన వద్దంటే మా వంశంలో గుమ్మాలు మారాయి, బావులు పూడాయి. బాబాయిని ఒక మాట అడుగుతానని మా ఆవిడతో చెప్పి, ఆఫీసు కింద దుకాణంలో ఫోన్ కార్డు కొని, గీకి, నంబర్లన్నీ కొట్టి ఆయనకి ఫోన్ చేశాను. దక్షిణ ముఖమని, వెనక కొండ ఉత్తరాన ఉందని, దక్షిణం పల్లమని, ఆయన కోపం రాజుకునేలా ఉన్న దోషాలన్నీ వరసగా చెప్పాను.

"ఏరా, అక్కడ ఎండాకాలం ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు బాబాయి.

"ఎండాకాలమా? లేదు బాబాయ్. అప్పుడప్పుడూ ఎండ ఉంటుంది."

"సూర్యుడు ఏ పక్కన తిరుగుతాడు?"

"దక్షిణం పక్కనే, కిందగా."

ఆయన తనలో తను ఏదో లెక్కపెట్టుకున్నాడు. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని నేను కంగారు పడుతున్నాను. "అయితే దక్షిణమే మంచిదిరా. మన లెక్కలు మన ఎండకి రాసినవి. చలిదేశంలో వెలుతురొచ్చే వైపే సింహద్వారం. అమ్మాయికి నచ్చిందా?"

"నచ్చింది."

"మరింకేం, కొనెయ్. కొండ కాలు జారేట్టుంటుందేమో, మెట్లకి పట్టుకునే కడ్డీ వేయించుకోండి" అన్నాడు. కార్డు అయిపోయింది.

నేను ఇంటికి నడిచి వెళ్ళాను. బస్సెక్కితే తొందరగా చేరిపోతానని భయం. మా ఆవిడ తలుపు తీస్తూనే, "చిన్నమామయ్యగారు ఏమన్నారు?" అంది. "వద్దన్నారు" అన్నాను. ఒక్క మాట. అంతకు మించి అల్లాల్సిన అవసరం కూడా రాలేదు. "పెద్దాయన వద్దన్నాక ఇంకేముంది లెండి" అని లోపలికెళ్ళిపోయింది.

గ్రాండమ్మకి ఆ సంగతి చెప్పే పని కూడా ఆవిడ మీదే వేశాను. ఆఫీసులో పనుందన్నాను. వెళ్ళొచ్చి, చెప్పులు విడుస్తూ, "మా ఆయనగారి బాబాయి వద్దన్నారని చెప్పానండీ. ఆవిడ ఏమందో తెలుసా? ఈ ఇంట్లో ఉండబోయేది బాబాయా అని అడిగింది" అంది. నేను పెద్దగా నవ్వాను. ఎన్‌సూటన్నకి కూడా చెప్పి నవ్వించాను. మా ఆవిడ నవ్విందో లేదో చూడలేదు.

కొత్త కాలనీకి మారాం. తూర్పు ముఖం అన్నది నిజమే. అయితే ఎదురుగా మా ఇంటికి అద్దంలో నీడలాంటి ఇల్లు లేచింది. సూర్యుడు దాని కప్పు దాటి మా గుమ్మంలోకి తొంగిచూసేసరికి మబ్బు పట్టేది. బొమ్మల్లో ఉన్న దుకాణాలు బొమ్మల్లోనే ఉండిపోయాయి. బస్సు లేదు, నడవడానికి రోడ్డు పక్కన బాట కూడా లేదు. కారు నేను తీసుకెళ్ళిపోయేవాణ్ణి. వెనక గోడ మీద నుంచి ఆవులు తలలు పెట్టి చూసేవి. పాత వాటాలో కనీసం బూట్లు కనిపించేవి, ఇక్కడ అవి కూడా లేవు. మూడు స్నానాల గదుల్నీ మా ఆవిడే కడిగేది. ఒక్క ఫిర్యాదు చెయ్యలేదు. "బాగున్నాం, బాగున్నాం" మళ్ళీ మొదలైంది. గ్రాండమ్మ వాటర్‌ఫోర్డ్ నుంచి రెండు క్రిస్మస్‌లకి కార్డులు పంపింది. మూడో ఏడాది కార్డు రాలేదు. కూతురు రాసిన చిన్న ఉత్తరం వచ్చింది. మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, తన పెట్టెలో పెట్టుకుంది.

తర్వాత వచ్చిన ఉగాదికి బాబాయి ఫోన్ చేశాడు. అంతకు ముందు ఆయన ఫోన్లన్నీ నేనే ఎత్తేవాణ్ణి. నేను భోంచేస్తున్నాను. మా ఆవిడ చేతులు ఖాళీగా లేక స్పీకర్ నొక్కింది. కుశలప్రశ్నలయ్యాక ఆయన, "అమ్మాయ్, ఆ కొండమీది ఇల్లు ఎందుకు వదులుకున్నారమ్మా? బంగారంలాంటి ఇల్లు. కొనమని వీడికి చెప్పానే" అన్నాడు.

మా ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. "ఏదో కుదర్లేదండీ, చిన్నమామయ్యగారూ" అంది. ఇంకో రెండు మాటలు మాట్లాడి, నమస్కారాలు చెప్పి, పెట్టేసింది. తర్వాత నాకు చారు పోసింది. నేను తలెత్తలేదు. అరుస్తుందని, ఏడుస్తుందని, కంచం లాగేస్తుందని ఎదురుచూశాను. అలా చేసినా బాగుండేది.

"మీకు ఇష్టం లేదని మీరే చెప్పుంటే సరిపోయేదండీ" అంది చివరికి. "మీరు వద్దంటే నేను పోట్లాడేదాన్ని. నెల రోజులైనా పోట్లాడేదాన్ని. పెద్దాయన పేరు చెప్తే ఎవరితో పోట్లాడను? నాకా అవకాశం కూడా లేకుండా చేశారు."

"తప్పయింది. ఇప్పుడు పోట్లాడు" అన్నాను.

"ఇప్పుడు ఓపిక లేదు" అంది, కంచం తీస్తూ.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పులి కూలబడింది. ఎన్‌సూటన్న కెనడా వెళ్ళిపోయాడు. మా ఇల్లు కొనే నాథుడు లేక మేము అందులోనే ఉండిపోయాం. మా ఆవిడ డ్రైవింగు నేర్చుకుంది, చట్టం మారాక దగ్గర్లోని స్కూల్లో మళ్ళీ లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. ఆ రెండూ తనంతట తనే చేసుకుంది, నా గొప్పేమీ లేదు. నాకు మాత్రం ఒక విచిత్రమైన అలవాటు పట్టుకుంది. ఊరికే తగాదా పెట్టుకుంటాను. గోడకి ఏ రంగు వెయ్యాలి, సోఫా ఏ మూల ఉండాలి, ఎండాకాలం సెలవులకి ఎటు వెళ్ళాలి, ప్రతిదానికీ ఆవిడ మాటకి అడ్డం చెప్పి కూర్చుంటాను. ఆవిడ వాదిస్తుంది. లెక్కల టీచరు కదా, ఒక్కొక్క మెట్టూ కట్టుకుంటూ వస్తుంది. నేను గింజుకుని, గింజుకుని, ఆఖర్న ఓడిపోతాను. ఈ ఏర్పాటు చాలా ఏళ్ళు సజావుగా సాగింది. నా బాకీ ఎంతోకొంత తీరుతోందని లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

మొన్న కర్టెన్ల విషయంలో అలాగే ఓడిపోయి, ముఖం దిగులుగా పెట్టుకుని లేవబోతుంటే ఆవిడ ఆపింది. "కూర్చోండి. మీరు కావాలనే ఓడిపోతున్నారని నాకు ఎప్పట్నుంచో తెలుసు" అంది. "చివరికి పోట్లాట కూడా నిజంగా పోట్లాడరన్నమాట."

దొరికిపోయాను. దొరికిపోయినవాడు ఏం చేస్తాడు, నవ్వాను. తల దువ్వుకుని, మెడలో ఆఫీసు బ్యాడ్జీ వేసుకుని, భార్యకి తెలియకుండా ఎంతో తెలివిగా బతికేస్తున్నాననుకున్న అప్పటి నాలోని కుర్రాడు ఒక్క క్షణం నాకు ఎదురుగా కనిపించాడు. వాడి మీద కోపం కూడా రాలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, "ఇప్పుడు చెప్పండి. మీకు నిజంగా ఏ రంగు ఇష్టం?" అంది.

చాలాసేపు ఆలోచించి, నిజం చెప్పాను.