ఈ కుప్ప ఎవురికి?

ఆ ఏడాది మా ఇంట్లో మనుషులం ఇద్దరం, జీతం ఒకటి. నాది హోసూరులో ఒక విడిభాగాల కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం. మా ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, తెలుగు టీచరు పోస్టు పరీక్షకు చదువుకుంటానని మానేసింది. ఆ నిర్ణయం ఇద్దరం కలిసే తీసుకున్నాం. అంటే ఆమె చెప్పింది, నేను తల ఊపాను. షరతు కూడా ఆమే పెట్టుకుంది: నా ఒక్క జీతంతో వంటిల్లు గడవకపోతే పుస్తకాలు మూసేసి మళ్లీ ఫ్యాక్టరీకి పోతుంది.

ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఆమె చోటును ఇంకా ఖాళీగానే ఉంచాడు. నెలకోసారి ఫోన్ చేసేవాడు. "వచ్చేదుంటే ఒకటో తేదీలోగా చెప్పమ్మా" అనేవాడు. నాలాంటి భర్త ఉన్న ఇంటికి ఇలాంటి ఫోన్లు రావడం సహజమే అన్నట్టుగా ఆయన గొంతులో ఒక ఓర్పు ఉండేది.

సామాను తెచ్చే బాధ్యత నేను తీసుకున్నాను. బజారుకు పోతే బేరం ఆడాలి. బేరం ఆడితే ఎక్కువ ఇచ్చి వచ్చే అలవాటు నాకుంది. ఫోన్‌లో కొనే సామానుకు బేరం ఉండదు కాబట్టి అది నాకోసమే పుట్టిందనుకున్నాను.

ఇద్దరే ఉండే ఇల్లంటే ఆ యాప్‌కు ఎంత చిన్నచూపో మొదటి నెలలోనే తెలిసింది. కందిపప్పు అరకిలో కొన్నా దాదాపు కిలో ధర పడుతుంది. ఐదు కిలోల సంచీ కొంటే మాత్రం ఎంతో చవక. ఇద్దరం ఐదు కిలోల పప్పు తినేసరికి పురుగులు కూడా మాతోపాటు కాపురం పెడతాయి. డెలివరీ ఉచితంగా కావాలంటే ఒక పెద్ద మొత్తానికి కొనాలి. ఆ మొత్తానికి ఇంకొంచెం తక్కువ పడుతోందని యాప్ ఎర్రటి అక్షరాల్లో గుర్తుచేస్తుంది. బీకాం చదివినవాడిగా నేను వెంటనే ఆ తక్కువను సేమ్యాతో పూడ్చాను.

"ఇన్ని సేమ్యా ప్యాకెట్లు ఏమిటికండీ?" అని అడిగింది మా ఆవిడ.

"డెలివరీ డబ్బులు మిగిలినాయి కదా."

"మిగిలిన డబ్బులు యాడ ఉండాయి?"

ప్యాకెట్లకేసి చూపించాను. ఆ వారమంతా సేమ్యా ఉప్మానే తిన్నాం. ఆమె ప్రతి పూటా వడ్డిస్తూ "డెలివరీ ఉచితం" అనేది. నెల చివరి వారంలో రోజూ ఒక పూట టిఫిన్ మానేశాం. ఒక సాయంత్రం ఆమె తన పుస్తకాలను దుమ్ము దులిపి ఒకదానిమీద ఒకటి సర్దడం చూశాను. చదవడానికి సర్దే పద్ధతి వేరు, అటక ఎక్కించడానికి సర్దే పద్ధతి వేరు. ఇది రెండోది.

"ఇంకొక్క నెల చూద్దాం" అన్నాను.

"ఒక్కటే" అంది.

మా కాంపౌండులో ఇంకో రెండు చిన్న ఇళ్లున్నాయి. ఎదురింట్లో కుట్టుపని చేసే ఒకామె, బడికి పోయే ఆమె కూతురు ఉంటారు. మేడమీద గదిలో రిటైరైన బస్సు కండక్టరు ఒక్కడే ఉంటాడు. మూడు ఇళ్లకూ కలిపి ఒకటే పెద్ద ఆర్డరు పెడితే పెద్ద సంచీ ధరకే అందరికీ సరిపడా సామాను వస్తుంది, డెలివరీ కూడా నిజంగా ఉచితం. ఈ సంగతి వివరించడానికి ఇద్దరినీ మా వాకిట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాను.

కండక్టరు టీ తాగి అన్నాడు: "అంతా బాగుండాది గానీ, పంచేది ఎవురప్పా?"

"నేనే. తక్కెడ ఉంది కదా."

"నా సర్వీసులో ఇట్లా 'నేనే' అన్నవాళ్లను శానా మందిని చూసినాను" అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు.

సామాను వచ్చింది. పప్పు, చక్కెర, రాగులు తూకంతో సజావుగా పోయాయి. ఉల్లిపాయల దగ్గర, అంటే మా ఎర్రగడ్డల దగ్గర, కథ మొదలైంది. ముగ్గురికీ తూకం ఒకటే. కానీ ఎదురింటామె వాటాలో పిడికిలంత ఎర్రగడ్డలు నాలుగు, కండక్టరు వాటాలో గోళీలంతటివి ఒక రాశి.

"ఇవి ఒలిచేలోపల నాకు ఇంకోసారి రిటైర్మెంటు వస్తుంది" అన్నాడు ఆయన.

"తూకం సమానమే సార్."

"తూకాన్ని తింటామా అప్పా?"

ఆమె ఊరుకోలేదు. "నా టమాటాలు చూడన్నా, మెత్తగా ఉండాయి. గట్టివన్నీ మీ ఇంటికే పోయినాయి."

నేను తక్కెడను మళ్లీ చూపించాను. ఇద్దరూ దాన్ని నా బంధువుని చూసినట్టు చూశారు. ఇకమీదట మేము లేమని చెప్పి ఎవరి వాటా వాళ్లు ఎత్తుకుపోయారు. వాళ్లు లేకపోతే మళ్లీ అరకిలోలు, మళ్లీ సేమ్యా, ఆపైన ఫ్యాక్టరీ. మా ఆవిడ స్టూలు ఎక్కి అటకమీద చోటు చూసింది. అది శుభసూచకం కాదు.

అప్పుడు నాకు మా ఊరు వేప్పనపల్లి గుర్తొచ్చింది. అక్కడ నలుగురు కలిసి పొట్టేలును కోసినప్పుడు మాంసం పంచడానికి తక్కెడను నమ్మరు. ఎముక, మెత్తటి కండ, కాలేయం అన్నీ కలిసేలా ఆకులమీద కుప్పలు పెడతారు. ఒకడు అటు తిరిగి నిలబడతాడు. ఇంకొకడు ఒక కుప్పమీద వేలు పెట్టి "ఇది ఎవురికి?" అంటాడు. తిరిగినవాడు ఒక పేరు చెబుతాడు. అంతే. కుప్పలు పెట్టేవాడికి తనది ఏదో తెలియదు కాబట్టి చచ్చినట్టు సమానంగా పెడతాడు. ఆపైన తేడా వస్తే దేవుణ్ణి అడగాలి.

మరుసటి ఉదయం మేడెక్కి కండక్టరుకు ఇదంతా చెప్పాను. "అట్ల చెప్పప్పా మొదలే! మా కల్లావిలోనూ ఇదే కదా" అన్నాడు. ఎదురింటామె మాత్రం "అటు తిరిగేది నేను కాదు, మీరూ కాదు. పెద్దాయన తిరగాల" అంది. మేమూ ఒప్పుకున్నాం.

తర్వాతి ఆదివారం వాకిట్లో సామాను దిగింది. ఉల్లిపాయలు, టమాటాలు, చింతపండు కలిపి నేను మూడు కుప్పలు పెట్టాను. పెద్దదొకటి ఇటు, చిన్నవి రెండు అటు మారుస్తూ పెడుతుంటే నా జీవితంలో అంత నిజాయితీగా ఏ పనీ చేయలేదనిపించింది. కండక్టరు గోడవైపు తిరిగాడు. నేను ఒక కుప్పమీద వేలు పెట్టాను.

"ఇది ఎవురికి?"

"కుట్టుమిషను ఇంటికి!"

"ఇది?"

"పైన ఒంటిగాడికి!"

"ఇంక మిగిలింది మాకే" అంది మా ఆవిడ.

"టికెట్ లేనోళ్లు ఎవురైనా ఉండారా?" అని కేకవేశాడు ఆయన, ఇంకా గోడవైపు చూస్తూనే.

మెత్తటి టమాటాలు ఎక్కువున్న కుప్ప మాకే వచ్చింది. అది చూసి ఎదురింటామె మొహం విచ్చుకుంది. మేము ఆ రోజు టమాటా పప్పు చేసుకున్నాం. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. నెల చివరి వారంలో కూడా మా పొయ్యిమీద రెండు పూటలా గిన్నె ఉంది. డబ్బా అడుగున చారెడు పప్పు కూడా మిగిలింది. మా ఆవిడ ఆ డబ్బాను నా చేతికిచ్చి, లోపలికి చూడమంది. చూశాను.

ఆ మధ్యాహ్నమే సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. ఆమె వాకిట్లో నిలబడే మాట్లాడింది.

"లేదు సార్, నేను రాను. ఆ చోటు ఇంకెవురికైనా ఇయ్యండి... లేదు సార్, కష్టం ఏమీ లేదు. ఇల్లు బాగానే నడుస్తా ఉండాది."

పైనుంచి కండక్టరు తొంగిచూసి "రైట్ రైట్!" అన్నాడు. ఆమె నవ్వుతూ లోపలికి వెళ్లి పుస్తకం తెరిచింది.

పరీక్ష రాసింది, పాసైంది. అందులో నా పాత్ర ఏమీ లేదు. ఆ నెల వంటిల్లు గడవడంలో మాత్రం కొద్దిగా ఉందని నా అభిప్రాయం. ఆమె ఇంతవరకు ఖండించలేదు.